సర్వేపల్లి వారి నాణెం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ స్మారక నాణేల గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సందేహాన్ని వేరువేరు మాటల్లో అడిగినవాటిని కలిపేశాం. చింతపండుతో తోమిన నాణేల మీద వచ్చిన ఉత్తరాలే అన్నిటికంటే ఎక్కువ కాబట్టి ఆ జవాబు కాస్త పొడుగైంది.

ప్రశ్న: మా పెదనాన్నగారి పెట్టెలో రాధాకృష్ణన్‌గారి బొమ్మ ఉన్న పెద్ద నాణెం దొరికింది. దాని మీద 125 రూపాయలు అని ఉంది. అదే స్మారకంగా 10 రూపాయల బిళ్ల కూడా ఉందంటున్నారు. రెండూ ప్రభుత్వం వేసినవేనా? 125 రూపాయల నాణెం బజారులో చెల్లుతుందా?
(నెల్లూరు)

జవాబు: రెండూ ప్రభుత్వం వేసినవే. రాధాకృష్ణన్‌గారి 125వ జయంతి స్మారకంగా, 2015 సెప్టెంబరు 4న, ఉపాధ్యాయ దినోత్సవానికి ముందురోజు ఢిల్లీలో ప్రధాని నరేంద్ర మోదీ ఈ రెండింటినీ విడుదల చేశారు. మీ ఊరికి ఈ నాణెంతో దగ్గర చుట్టరికమే ఉంది. ఆయన పుట్టింది తిరుత్తణిలో అయినా, ఇంటిపేరుగా మోసింది మీ జిల్లాలోని సర్వేపల్లి పేరునే.

పెద్ద నాణెం వ్యాసం 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. నాలుగు లోహాల మిశ్రమం: వెండి 50 శాతం, రాగి 40, నికెల్ 5, జింకు 5. అంచు చుట్టూ 200 గాట్లు ఉంటాయి. 10 రూపాయల బిళ్ల మామూలు పది రూపాయల కొలతల్లోనే ఉంటుంది: 27 మిల్లీమీటర్లు, 7.71 గ్రాములు, పసుపు వలయం మధ్యలో తెల్ల లోహం. ఇందులో వెండి ఏమాత్రం లేదు.

చట్టం దృష్టిలో 125 రూపాయల నాణేనికి 125 రూపాయల విలువ ఉంది. అయితే అది చలామణి కోసం వేసింది కాదు, సేకరించేవాళ్లకు టంకశాల ముఖ విలువకన్నా ఎక్కువ ధరకు అమ్మినది. కిరాణా కొట్టులో ఇస్తే కొట్టతను దాన్ని ఎన్నడూ చూసి ఉండడు, తీసుకోడు. తీసుకున్నా నష్టపోయేది మీరే. 35 గ్రాముల్లో సగం, అంటే 17.5 గ్రాములు వెండి. ఆ రోజు గ్రాము వెండి ధరను 17.5తో గుణించి చూడండి. గ్రాము 100 రూపాయలు అనుకున్నా 1,750 అవుతుంది. ఖర్చుపెట్టకండి.

ప్రశ్న: ఆయన పుట్టింది 1888లో. 125 ఏళ్లు నిండింది 2013లో. మరి నాణెం 2015లో ఎందుకు వచ్చింది? ఇది నకిలీ అనడానికి గుర్తా?
(గుంటూరు)

జవాబు: కాదండి. లెక్క మీరు సరిగ్గానే వేశారు. కానీ స్మారక నాణెం సరిగ్గా ఆ పుట్టినరోజునే రావాలన్న నియమం లేదు. ప్రతిపాదన ఆర్థిక మంత్రిత్వ శాఖకు వెళ్లాలి, నమూనా ఖరారు కావాలి, గెజిట్‌లో కొలతలు ప్రకటించాలి, ఆ తర్వాతే అచ్చులు తయారై నాణెం పడుతుంది. దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 1891లో పుట్టిన అంబేడ్కర్‌గారికి 125 నిండేది 2016 ఏప్రిల్‌లో. ఆయన 125 రూపాయల నాణెం 2015 డిసెంబరు 6నే విడుదలైంది. ఒకటి ఆలస్యంగా వచ్చింది, ఒకటి ముందే వచ్చింది, రెండూ అసలైనవే.

125 అనే అంకె వింతగా తోచినవాళ్లకు ఒక మాట. ఎన్నో వార్షికోత్సవమో ఆ సంఖ్యనే ముఖ విలువగా పెట్టడం మన టంకశాలలకు అలవాటు. రిజర్వు బ్యాంకు 75 ఏళ్లకు 75 రూపాయలు, రవీంద్రనాథ్ ఠాగూర్ 150వ జయంతికి 150 రూపాయలు, తంజావూరు బృహదీశ్వరాలయం వెయ్యేళ్లకు ఏకంగా 1000 రూపాయల నాణెం వేశారు.

ప్రశ్న: ఒక అమ్మకందారు దగ్గర 125 రూపాయల రాధాకృష్ణన్ నాణెం కొన్నాను. డబ్బా లేదు, కాగితం లేదు. ఇంట్లోనే అసలో నకిలీయో తేల్చుకునే మార్గం చెప్పండి. కంసాలి దగ్గర గీటురాయి మీద గీయించమని మావాళ్లు అంటున్నారు.
(రాజమహేంద్రవరం)

జవాబు: ముందు ఆ గీటురాయి ఆలోచన మానండి. ఒక్క గీత పడితే అది అసలైనదే అయినా సేకరణ విలువ పోతుంది. గీయకుండానే తేల్చే పద్ధతులు ఉన్నాయి, ఈ వరుసలో చేయండి.

మొదట అయస్కాంతం. నాణెం అతుక్కుంటే అక్కడితో పరీక్ష అయిపోయినట్టే, అది ఇనుప బిళ్ల. అతుక్కోకపోయినంత మాత్రాన అసలైనదని కాదు. ఇత్తడి, సీసం, జింకు కూడా అతుక్కోవు.

తర్వాత కొలతలు. వెర్నియర్ కాలిపర్‌తో వ్యాసం 44 మిల్లీమీటర్లు రావాలి. నాణెం గీసుకుపోకుండా కాలిపర్ దవడల మధ్య పలుచని కాగితం పెట్టి, దాని మందం తీసేసి లెక్కించండి. బరువు 35 గ్రాములకు చాలా దగ్గరగా ఉండాలి. 33 గ్రాములో 37 గ్రాములో వస్తే కొనకూడదు. అంచు గాట్లన్నీ లెక్కపెట్టక్కర్లేదు. చుట్టుకొలత సుమారు 138 మిల్లీమీటర్లు, అందులో 200 గాట్లు, కాబట్టి ఒక సెంటీమీటరు మేర భూతద్దంతో లెక్కిస్తే 14 లేదా 15 రావాలి. నకిలీ చేసేవాళ్లు ముఖం మీద పెట్టే శ్రద్ధ అంచు మీద పెట్టరు, చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

ఇప్పుడు అసలు పరీక్ష, సాంద్రత. దీనికి 0.01 గ్రాము వరకు చూపే చిన్న కాటా కావాలి. కనీసం 200 గ్రాములు మోయగలిగినదై ఉండాలి, ఎందుకంటే దాని మీద నీళ్ల గ్లాసు పెడతాం. తేలికైన ప్లాస్టిక్ గ్లాసులో నాణెం పూర్తిగా మునిగేంత నీళ్లు పోసి కాటా మీద పెట్టి, అంకెను సున్నా చేయండి. నాణేనికి సన్నని నైలాన్ దారం ఉచ్చు వేసి నీళ్లలోకి దించండి. పూర్తిగా మునగాలి, అడుగునా పక్కలనా తగలకూడదు. దారాన్ని చేత్తో పట్టుకుంటే వణుకుతుంది. రెండు డబ్బాల మీద అడ్డంగా స్కేలు పెట్టి దానికి వేలాడదీయండి. అప్పుడు కాటా చూపే అంకె, నాణెం తోసేసిన నీటి బరువు.

నాణెం 35 గ్రాములు ఉంటే ఆ అంకె సుమారు 3.67 రావాలి. 3.60 నుంచి 3.75 మధ్య ఏది వచ్చినా ఫరవాలేదు. రాగి-నికెల్ బిళ్ల అయితే 3.9, ఇత్తడి అయితే 4.1, జింకు అయితే 4.9 దగ్గర చూపిస్తుంది. సీసం కలిపినదైతే కిందికి పోయి 3.1 వైపు వస్తుంది. నాణెం బరువును ఈ అంకెతో భాగిస్తే సాంద్రత వస్తుంది. ఈ మిశ్రమానికి అది సుమారు 9.5.

పొరపాట్లు జరిగేది మూడు చోట్ల. నాణెం మీద గాలి బుడగలు అంటుకుంటే అంకె పెరుగుతుంది, మంచి నాణెం కూడా ఇత్తడిలా కనిపిస్తుంది. ఒకసారి ముంచి తీసి, మళ్లీ నెమ్మదిగా ముంచండి. నూలు దారం నీరు పీల్చి లెక్క తప్పిస్తుంది. ఫ్యాను తిరుగుతుంటే కాటా ఒకచోట నిలవదు. మూడుసార్లు చేసి మూడూ ఒకేలా వస్తేనే నమ్మండి. డిస్టిల్డ్ వాటర్ వాడితే ఎండాక మచ్చలు మిగలవు. అద్దంలా మెరిసే ప్రూఫ్ నాణేనికి మాత్రం ఈ పరీక్ష వద్దే వద్దు.

ఇంకా అనుమానం ఉంటే, ఎక్స్‌రేతో లోహ శాతాలు చూపే యంత్రం ఉన్న హాల్‌మార్కింగ్ కేంద్రానికి తీసుకెళ్లండి. నాణేనికి గీత కూడా పడదు. అయితే ఆ యంత్రం పైపొరను మాత్రమే చదువుతుంది. ఎవరైనా పులుపుతో తోమిన నాణెం అయితే వెండి 50 కంటే చాలా ఎక్కువ చూపిస్తుంది. అలా ఎందుకు జరుగుతుందో తర్వాతి జవాబులో ఉంది.

ప్రశ్న: నాన్నగారు ఇచ్చిన నాణెం నల్లబడితే, పండగకు వెండి సామాను తోముతూ మా అమ్మ దాన్ని కూడా చింతపండుతో తోమేసింది. ఇప్పుడు తెల్లగా, పాలిపోయినట్టు ఉంది. మెరుపు రాలేదు. విభూతితో రుద్దితే వస్తుందా?
(తణుకు)

జవాబు: ఇక దేనితోనూ రుద్దకండి, దయచేసి. మీ అమ్మగారిని తప్పుపట్టనూ వద్దు, గిన్నెలకు ఆ పద్ధతి మంచిదే. నాణేనికే పనికిరాదు.

మీ నాణెంలో వెండి ఎంతో, రాగి ఇంచుమించు అంత ఉంది. నల్లబడటం అంటే గాలిలోని గంధకం వెండితో, రాగితో కలిసి పలుచని పొర కట్టడం. చింతపండు పులుపు పైనున్న రాగి తుప్పును కరిగించి తీసుకుపోతుంది, వెండిని కదపదు. అలా పైపొరలో రాగి తగ్గి, సూక్ష్మంగా గరుకుగా ఉన్న వెండి పొర మిగులుతుంది. మీకు కనిపిస్తున్న పాలిపోయిన తెలుపు అదే. లోపల మిశ్రమం మారలేదు, బరువూ పెద్దగా తగ్గలేదు, కానీ అచ్చు పడినప్పుడు లోహం ఒత్తిడికి పారి ఏర్పడిన అసలు ఉపరితలం పోయింది. నాణేల వాళ్లు చూసేది ఆ ఉపరితలాన్నే. నాణేన్ని వెలుగులో తిప్పితే దాని మీద కాంతి చక్రంలా తిరుగుతుంది. తోమిన నాణెం మీద అది తిరగదు. తెలిసినవాళ్లు ఒక్క చూపులో పసిగట్టేస్తారు.

విభూతి, పళ్లపొడి, టూత్‌పేస్టు అంతకన్నా ఎక్కువ హాని చేస్తాయి. అవి కరిగించవు, గీస్తాయి. బుగ్గ, ముక్కు, అక్షరాల అంచుల లాంటి ఎత్తైన భాగాలు ముందుగా అరుగుతాయి. అల్యూమినియం రేకు, వంటసోడా, వేడినీళ్ల చిట్కా కూడా చాలామంది చెబుతారు. నలుపు నిజంగానే పోతుంది, కానీ ఉపరితలం చప్పబడుతుంది. గిన్నెలకు, పట్టీలకు ఉంచుకోండి.

నాణెం మీద చేయదగిన పని ఒక్కటే: పైన అంటుకున్న నూనె, జిడ్డు, ప్లాస్టిక్ జిగురు తీయడం. శుద్ధమైన ఎసిటోన్ తీసుకోండి. గోళ్ల రంగు తుడిచే ద్రవం పనికిరాదు, అందులో రంగు, వాసన, నూనె కలిపి ఉంటాయి. గాజు గిన్నెలో నాణెం మునిగేలా పోసి మూతపెట్టి 20 నిమిషాలు ఉంచండి. తీసి, మరో గాజు గిన్నెలో కొత్త ఎసిటోన్‌లో ఒకసారి ముంచండి. రెండో ముంపు ఎందుకంటే, మొదటి దాంట్లో కరిగిన జిడ్డు నాణెం మీదే ఆరిపోకుండా. మెత్తని నూలుగుడ్డ మీద నిలబెట్టి ఆరనివ్వండి, తుడవకండి. ఎసిటోన్‌కు ఇట్టే మంట అంటుకుంటుంది, దాని ఆవిరి పీల్చకూడదు. వంటింట్లో కాకుండా, దీపం లేని చోట, కిటికీలు తెరిచి చేయండి. ఇది నలుపును తీయదు. సమంగా, నీలి ఊదా ఛాయల్లో పట్టిన నలుపును తీయకపోవడమే మంచిది. చాలామంది సేకర్తలు అటువంటి రంగునే కోరి కొంటారు.

నాణెం మీద ఆకుపచ్చగా జిగురులాంటిది కనబడితే మాత్రం వెంటనే ఎసిటోన్ స్నానం చేయించండి. అది మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ కవర్ల నుంచి వస్తుంది. ఆల్బమ్ పుట తెరవగానే రెక్సిన్ వాసన వస్తే అది పీవీసీ అనుకోండి. వదిలేస్తే లోహాన్ని తినేస్తుంది.

మీ నాణేన్ని ఇక 44 మిల్లీమీటర్ల క్యాప్సూల్‌లో (నాణెం సరిగ్గా పట్టే గట్టి ప్లాస్టిక్ డబ్బీలో) పెట్టి వదిలేయండి. కాలం గడిచేకొద్దీ మళ్లీ మెల్లగా రంగు పడుతుంది, ఆ పాలిపోయినతనం కొంత తగ్గుతుంది.

ప్రశ్న: అసలు నల్లబడకుండా ఎలా దాచాలి? ఇప్పుడు బీరువాలో చీరల కింద, కాగితంలో చుట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంచాను.
(కరీంనగర్)

జవాబు: మొదట ఆ రబ్బరు బ్యాండు తీసేయండి. రబ్బరులో గంధకం ఉంటుంది, బ్యాండు తగిలిన చోట నల్లటి చార పడుతుంది, అది మళ్లీ పోదు. వార్తాపత్రిక కాగితం కూడా మంచిది కాదు. చీరల మధ్య కలరా ఉండలు ఉంటే ఆ బీరువాలోంచి నాణేన్ని మార్చేయండి, ఆ ఆవిరి క్యాప్సూల్ ప్లాస్టిక్‌ను పాడుచేస్తుంది.

గట్టి ప్లాస్టిక్ క్యాప్సూల్, పెద్దదానికి 44, పది రూపాయల బిళ్లకు 27 మిల్లీమీటర్లది. వదులుగా ఉంటే నాణెం లోపల కదిలి అంచు అరుగుతుంది. క్యాప్సూళ్లన్నీ మూత బిగిసే డబ్బాలో, పక్కన సిలికా జెల్ పొట్లాంతో. జెల్ రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టండి, తడిసిన జెల్ ఉండీ లేనట్టే. వానాకాలంలో డబ్బా తెరిచి చూసే సరదా తగ్గించుకోండి. పట్టుకోవాల్సి వస్తే చేతులు కడిగి తుడుచుకుని, అంచులు మాత్రమే, కింద మెత్తని గుడ్డ పరచి.

ప్రశ్న: ప్రూఫ్ అంటే ఏమిటి, యూఎన్‌సీ అంటే ఏమిటి? రెండూ కొత్త నాణేలే కదా, ధరలో అంత తేడా ఎందుకు?
(విశాఖపట్నం)

జవాబు: తేడా తయారీలో ఉంది. ప్రూఫ్ నాణేనికి ఖాళీ బిళ్లను ముందే మెరుగుపెడతారు. అచ్చులో నేల భాగాన్ని అద్దంలా పాలిష్ చేసి, బొమ్మ భాగాన్ని మంచు పట్టినట్టు మసకగా ఉంచుతారు. ఒక్కో బిళ్లను చేత్తో అమర్చి, ఒకటికంటే ఎక్కువసార్లు కొడతారు. అందుకే నల్లటి అద్దం మీద తెల్లటి ముఖం తేలినట్టు కనిపిస్తుంది. యూఎన్‌సీ అంటే చలామణిలోకి వెళ్లని నాణెం. సాధారణ మెరుపే, అద్దం ఉండదు. చిన్న చిన్న తగులుళ్ల గుర్తులు దానిలో సహజం.

ధర తేడాకు కారణం పనితనం ఒక్కటే కాదు. ఆ అద్దం ఒక్క వేలిముద్రతో పాడవుతుంది. చెమటలోని ఉప్పు, ఆమ్లం కొన్ని వారాల్లో లోహంలోకి దిగిపోతాయి, ఆ తర్వాత ఏం చేసినా ముద్ర కనిపిస్తూనే ఉంటుంది. పొరపాటున తాకితే ఆ రోజే ఎసిటోన్‌లో ముంచండి. టంకశాల సెట్టు ప్యాకింగు తెరవకండి. డబ్బా, లోపలి పుస్తకం ఉన్న సెట్టుకూ విడి నాణేనికీ ధరలో చాలా తేడా వస్తుంది. మీరు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్న ఊరివారు, 1931 నుంచి 1936 వరకు రాధాకృష్ణన్‌గారు దానికి ఉపకులపతి. ఆ అనుబంధంతోనే కొంటున్నానని రాశారు. అలాంటప్పుడు కొంచెం ఎక్కువైనా పూర్తి సెట్టే తీసుకోండి.

ప్రశ్న: స్మారక పది రూపాయల బిళ్లలు నా దగ్గర చాలా ఉన్నాయి. బస్సులో తీసుకోవడం లేదు, కూరగాయల బజారులో తీసుకోవడం లేదు. రద్దయ్యాయా?
(ఒంగోలు)

జవాబు: రద్దు కాలేదు. పది రూపాయల నాణెం అనేక నమూనాల్లో రావడం వల్ల పుట్టిన అపోహ ఇది. 2018 జనవరి 17న రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది. అప్పటికే 14 నమూనాలు వచ్చాయని, రూపాయి గుర్తు ఉన్నా లేకపోయినా అన్నీ చెల్లుతాయని అందులో ఉంది. నాణేల చట్టం 2011 ప్రకారం రూపాయి, అంతకు మించిన నాణేలు ఒక చెల్లింపులో 1000 రూపాయల వరకు చట్టబద్ధం, అంటే మీ పది రూపాయల బిళ్లలు 100 వరకు.

దుకాణంలో వాదన పెట్టుకునే బదులు బ్యాంకుకు తీసుకెళ్లండి. బ్యాంకులో జమ చేయడానికి ఆ వెయ్యి రూపాయల పరిమితి వర్తించదు, శాఖలు నాణేలు కాదనకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశం. వందేసి చొప్పున పాలిథీన్ సంచుల్లో కట్టి తీసుకెళితే లెక్క త్వరగా అవుతుంది. కాదంటే శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో పరిష్కారం కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారి) దగ్గరకు వెళ్లవచ్చు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఇవ్వకుండా నేరుగా వెళితే ఫిర్యాదు నిలవదు.

ప్రశ్న: నా నాణెం మీద సంవత్సరం కింద చిన్న నక్షత్రం ఉంది. మా స్నేహితుడి దాంట్లో వజ్రం ఆకారం ఉంది. ఏది విలువైనది? ఇంకో సంగతి, నాదాన్ని తిప్పితే రెండోవైపు కాస్త వంకరగా ఉంది.
(సికింద్రాబాద్)

జవాబు: అవి ఏ టంకశాలలో పడిందో చెప్పే గుర్తులు. అయిదు కోణాల నక్షత్రం హైదరాబాద్‌ది, వజ్రం ముంబయిది, గుండ్రటి చుక్క నోయిడాది. ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. ముంబయి ప్రూఫ్ నాణేల మీద వజ్రానికి బదులు ఇంగ్లీషు ఎమ్ అక్షరం ఉంటుంది. మీ నక్షత్రం మీకు దగ్గరదే. 1803లో నిజాం సికందర్ జా కాలంలో మొదలై, 1903లో సైఫాబాద్‌కు, 1997లో చర్లపల్లికి మారిన టంకశాల అది. గుర్తును బట్టే విలువ ఉండదు. ఆ నమూనాను ఏ టంకశాల తక్కువ వేసిందన్నదాన్ని బట్టి ఉంటుంది.

వంకర సంగతి ఇలా చూడండి. నాణేన్ని పైనా కిందా వేళ్లతో పట్టుకుని, బొమ్మ నిటారుగా ఉంచి, పక్కకు గిర్రున తిప్పండి. మన నాణేల్లో రెండోవైపు కూడా నిటారుగానే రావాలి. రెండు మూడు డిగ్రీల వంకర సాధారణం, దానికి అదనపు విలువ లేదు. 90 డిగ్రీలో, పూర్తిగా తలకిందులో అయితే అచ్చు తిరిగిపోయిన నాణెం, దాన్ని పక్కన పెట్టుకోండి. పది రూపాయల బిళ్లలో మధ్య భాగం ఊడి వచ్చినవాటిని తప్పు నాణేలని అమ్ముతుంటారు, కొనకండి. వలయం, మధ్య బిళ్ల ఒకే దెబ్బకు బిగుసుకుంటాయి. తర్వాత వేడిచేసి కొట్టి విడదీసినవే వాటిలో ఎక్కువ. విడదీసిన దాంట్లో అతుకు దగ్గర సుత్తి నొక్కులు కనిపిస్తాయి.

ప్రశ్న: ఈ నాణేనికి లక్షలు ఇస్తామని వీడియోలో నంబరు ఇచ్చారు. ముందుగా రిజిస్ట్రేషన్ డబ్బు, పన్ను కట్టమంటున్నారు. రిజర్వు బ్యాంకు ముద్ర ఉన్న కాగితం కూడా పంపారు.
(నల్గొండ)

జవాబు: ఒక్క రూపాయి కూడా పంపకండి. రిజర్వు బ్యాంకు పాత నాణేల కొనుగోలు అమ్మకాల్లో లేదు, దాని పేరుతో ఎవరూ రుసుము వసూలు చేయడానికి అధికారం లేదు. 2021 ఆగస్టులో బ్యాంకే ఈ మేరకు హెచ్చరిక ఇచ్చింది. నిజంగా కొనేవాడు మీకు డబ్బు ఇస్తాడు, మిమ్మల్ని అడగడు. ఇప్పటికే పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, మీ బ్యాంకుకూ చెప్పండి.

ప్రశ్న: నాణేన్ని లాకెట్‌గా చేయించుకోవచ్చా? లేకపోతే కరిగించి వెండి తీసుకుంటే?
(కడప)

జవాబు: కరిగించడం నేరం. నాణేల చట్టం కింద ఏడేళ్ల వరకు జైలు, జరిమానా ఉన్నాయి. రంధ్రం వేస్తే రూపు చెడిన నాణెంగా దాని చెల్లుబాటు పోతుంది, సేకరణ విలువా పోతుంది. మెడలో వేసుకోవాలనే ఉంటే రంధ్రం, అతుకు లేకుండా అంచు చుట్టూ మరతో బిగించే చట్రం చేయించండి. అయితే 35 గ్రాములు మెడకు బరువే.

ప్రశ్న: ఇప్పుడు టంకశాల నుంచి నేరుగా కొనవచ్చా?
(మచిలీపట్నం)

జవాబు: కొత్తగా వచ్చే స్మారక నాణేలను కొనవచ్చు. ప్రభుత్వ టంకశాలలను నడిపే ఎస్‌పీఎమ్‌సీఐఎల్ తన వెబ్‌సైటులో బుకింగు తెరుస్తుంది. నిర్ణీత గడువు ఉంటుంది, డబ్బు ముందే కట్టాలి, నాణెం చేతికి రావడానికి నెలలు పట్టవచ్చు. 2023 ఆగస్టులో ఎన్టీఆర్ 100 రూపాయల నాణెం వచ్చినప్పుడు హైదరాబాద్‌లో కౌంటర్ల దగ్గర వరుసలు చూశారు కదా, అలా నేరుగా కూడా అమ్ముతారు. రాధాకృష్ణన్ నాణెం 2015 నాటిది కాబట్టి ఇక డీలర్ల దగ్గరే వెతకాలి. ప్రూఫా యూఎన్‌సీయా, డబ్బా ఉందా, ఎప్పుడైనా శుభ్రం చేశారా అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. రెండువైపులా, అంచూ కనిపించే ఫొటోలు అడగండి. తిరిగి ఇచ్చే గడువు కనీసం వారం ఉండాలి, ఆ వారంలో పైన చెప్పిన తూకం పరీక్షలు చేసుకోవచ్చు. బంగారు పూత పూసినవీ రంగులు అద్దినవీ టంకశాలలో అలా తయారైనవి కావు, ఎవరో తర్వాత చేసినవి.

ప్రశ్న: రిటైరవుతున్న మా ప్రధానోపాధ్యాయురాలికి సెప్టెంబరు 5న ఈ నాణేన్ని ఫ్రేము కట్టి ఇవ్వాలనుకుంటున్నాం. అట్ట మీద అతికించి పైన అద్దం వేయిస్తే చాలా?
(ఏలూరు)

జవాబు: అతికించకండి. జిగురు, రెండువైపుల టేపు రెండూ వెనకవైపు తినేస్తాయి, రేపు తీయాలన్నా రాదు. నాణేన్ని ముందు 44 మిల్లీమీటర్ల క్యాప్సూల్‌లో పెట్టండి. సుమారు 8 మిల్లీమీటర్ల మందం పాలిథీన్ ఫోమ్ షీటు తీసుకుని, క్యాప్సూల్ బయటి కొలతకు అర మిల్లీమీటరు తక్కువగా అందులో గుండ్రటి రంధ్రం కోయండి, క్యాప్సూల్‌ను నొక్కితే బిగుసుకుంటుంది. సాధారణ ఫొటో ఫ్రేములో అంత లోతు ఉండదు, అద్దం క్యాప్సూల్‌ను నొక్కేస్తుంది. 20 మిల్లీమీటర్ల లోతున్న పెట్టె ఫ్రేము చేయించండి. వెనక పలకను మేకులతో కాకుండా మరలతో బిగించమనండి, వారు ఎప్పుడైనా తీసి రెండోవైపు చూసుకోవచ్చు. వెల్వెట్ వేయాలనుకుంటే రంగు దిగనిది చూసి, జిగురు లేకుండా ఫోమ్ చుట్టూ మడిచి వెనక కుట్టించండి. వంటింటి గోడకు, ఎండ పడే గోడకు తగిలించవద్దని ఒక చీటీ రాసి వెనక పెట్టండి. ఆ చీటీలోనే నాణెం బరువు, కొలత, లోహాలు, కొన్న తేదీ రాసి, బిల్లు కూడా జతచేయండి.